ఇంజిన్ వేడిలో పన్నెండు కోడిపిల్లలు

"ముట్టకు గా హీటరు! ఎండకాలమంత ఏసీ పెట్టి తాగించిన పెట్రోలు సాలదా?"

"అత్తయ్యా, ఏసీ వేరు, హీటరు వేరు. దీనికి వేరే పెట్రోలు ఖర్చవ్వదండీ."

"పుక్కట్ల వేడి ఎవలిస్తరే? మీ అవ్వగారింటోళ్లు పంపిస్తున్నరా?"

"మా వాళ్లు కాదు, మీ అబ్బాయి కొన్న ఇంజినే ఇస్తుంది. ముందు చెయ్యి తీయండి."

బటన్ మీంచి చెయ్యి నేను తియ్యలేదు, హీటరు పెట్టనివ్వలేదు. బడంగ్‌పేట్‌లో ఒకామె ఇంటి ముందు, పొద్దున్నే మంచులో, కారు ఇంకా కదలనే లేదు, మా అత్తాకోడళ్ల కొట్లాట మొదలైంది. నా ఒళ్లో అట్టపెట్టె. అందులో ముందురోజే గుడ్డు పగిలి బయటికొచ్చిన పన్నెండు నాటుకోడి పిల్లలు.

ఆ ఇంటామె దగ్గర గుడ్లు పొదిగే మెషీన్ ఉంటే నా కోళ్ల గుడ్లు ఇచ్చాను. ఇచ్చిన వారానికే రావిర్యాలలో మా దొడ్లో రోగం పడింది. ఒక్క పెట్ట మిగల్లేదు. ఏళ్లుగా నేను పెంచుకుంటూ వచ్చిన జాతికి ఇక ఈ పన్నెండే దిక్కు.

కారు కదిలింది. పిల్లలు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఒకటే అరుపు. చెయ్యి పెట్టి చూస్తే చల్లబడిపోతున్నాయి. పెట్రోలు పోతే పోనీ అనుకుని నేనే బటన్ నొక్కి, గాలి పెంచేది చివరిదాకా తిప్పాను. రివ్వుమని చల్లగాలి పెట్టెలోకి కొట్టింది.

"ఓ పిల్లా! ఇదేందే, సంపుతవా ఏంది వీటిని?"

"అయ్యో, తగ్గించండి! ఇంజిన్ వేడెక్కకముందు పెడితే చల్లగాలే వస్తుంది. అదిగో, ఆ నీలం లైటు ఆరేదాకా ఆగండి."

పెట్టెను కొంగుతో కప్పి ఆ లైటునే చూస్తూ కూర్చున్నాను. పొయ్యి మీది పాలను కూడా ఎన్నడూ అంత కనిపెట్టుకుని చూడలేదు. పెద్ద రోడ్డెక్కిన కాసేపటికి ఆరింది.

"ఆరింది! ఆరింది పిల్లా!"

కోడలు గాలిని సన్నగా, కాళ్ల వైపు పెట్టింది. నీళ్లపొయ్యి పక్కన కూర్చున్నట్టు పాదాలకు వెచ్చగా తగిలింది.

"ఇంజిన్ చుట్టూ నీళ్లు తిరుగుతాయండీ. ఆ కాగిన నీళ్ల వేడే ఇది. మనం వాడుకోకపోతే బయటి గాలిలో కలిసిపోతుంది."

"అంటే రెండు సలికాలాలు నన్ను శాలువ కప్పి కూసోబెట్టి, గింత వేడి రోడ్డు పాలు చేసినవా?"

"పెడతానంటే నా చేతి మీద కొట్టింది మీరే కదా!"

కొట్టాను, నిజమే. వంట అయిపోయాక పొయ్యిలో మిగిలిన నిప్పుల మీద కూడా నీళ్లకుండ పెట్టే మనిషిని నేను. ఇంత వేడి ఉత్తగా దొరుకుతుందని తెలిశాక నా హుషారు ఆగలేదు. పెట్టెను కిందికి దించి, గాలి నేరుగా కొట్టకుండా వారగా పెట్టాను. బయటి గాలి రాకుండా మూసే బటన్ ఏదో అడిగి అదీ నొక్కించాను. లోపలి గాలే మళ్లీ కాగి వస్తుంటే కారంతా తొందరగా వెచ్చబడింది. తుక్కుగూడ వచ్చేసరికి మాత్రం ముందు అద్దం మసకబారింది. మా ఊపిరి తేమేనట. కోడలు బయటి గాలి తెరిచి, వేడిని అద్దం మీదికి తిప్పింది. అద్దం తేటపడిందో లేదో, "ఇగ కాళ్లకు పెట్టు" అన్నాను.

పిల్లల అరుపు తగ్గింది. గుంపు విడిపోయి ఎక్కడివక్కడ పడుకున్నాయి. ఒక్కటి మాత్రం మెడ వాల్చింది. దాన్ని అరచేతిలో పెట్టుకున్నాను.

మా ఇంటి ముందు కారు ఆగినా నేను దిగలేదు.

"దిగండి అత్తయ్యా, నాకు డ్యూటీకి టైమవుతోంది."

"ఇంజిన్ల ఇంక వేడున్నది గద, ఊకె పోనిస్తమా? ఫ్యాను తిప్పు. మీ ఆయనను గంప కింద బల్బు పెట్టమను. గా గంప ఎచ్చవడ్డంక దిగుత."

మర్నాడు పొద్దున గంప ఎత్తాను. పదకొండు పిల్లలు నా కాళ్ల మీదుగా ఉరికాయి. మెడ వాల్చినది లేవలేదు. దాన్ని దొడ్లో పూడ్చి, మిగతావాటికి నూకలు చల్లాను.