ఓడ లేచింది, ముత్యాలప్ప లేవలేదు

బట్లహళ్ళి చుట్టుపక్కల బావిపని అంటే మునినారాయణనే పిలిచేవారు. బావి తవ్వాలన్నా, పూడిక తీయాలన్నా, జారిపడిన బిందె మొదలు కాలుజారిన ఎద్దు దాకా ఏది పైకి తేవాలన్నా అతనే. సొంతానికి రెండెకరాల మెట్ట ఉండేది కానీ అందులో రాగులకంటే రాళ్ళే బాగా పండేవి. గట్టుమీద నాలుగు మాటలు కూడబలుక్కోలేని మనిషి, నీళ్ళలో మునిగి లేచాడంటే అడుగున ఏది ఏ వాటాన పడుందో కళ్ళకు కట్టినట్టు చెప్పేవాడు.

అతని పేరు తాలూకా ఊరు చింతామణి దాకా పాకింది ఆంజనేయప్ప చెరుకు గానుగతో. కొత్తగా కొన్న ఇనుప గానుగ, బండి మీద తెస్తుంటే ఇరుసు విరిగి చెరువు కింది బావిలో పడింది. పదిమంది మోకులేసి లాగారు. రెండుసార్లు మోకులు తెగాయి. మూడోసారి లాగుతున్నవాడే బావిలో పడబోయాడు.

మునినారాయణ మునిగి చూసి వచ్చి, తల తుడుచుకుంటూ అన్నాడు. "దీన్ని మనం ఎత్తేది కాదన్నా. నీళ్ళే ఎత్తల్ల."

"నీళ్ళు ఇనుమునెట్ల ఎత్తుతాయప్పా? నీకేమన్నా గాలి సోకిండాదా?" అన్నాడు ఆంజనేయప్ప.

అప్పుడు వైశాఖం. బావిలో నీళ్ళు నిలువెత్తు కూడా లేవు. మునినారాయణ ఇరవై నాలుగు ఖాళీ సీమనూనె డబ్బాలు తెప్పించి, మూతులకు లక్క పెట్టి, వాటిని రెండు దుంగలకు వరసగా కట్టి తెప్ప చేశాడు. గానుగను దానికి బిర్రుగా బిగించి, ఇంటికి పోయి కూర్చున్నాడు. ఊరంతా నవ్వింది. ఆశ్వయుజంలో మూడురోజులు వాన విడవకుండా కురిసి చెరువు నిండింది. చెరువుతోపాటు బావి ఊరింది. ఊరే నీళ్ళతో తెప్ప లేచింది, తెప్పతో గానుగ లేచింది. నాలుగోరోజు పొద్దున అది పైమెట్టుకు ఆనుకుని, కడిగిన గిన్నెలాగా మెరుస్తూ ఉంది. దుంగలు దూర్చి పక్కకు దొర్లించడానికి నలుగురు సరిపోయారు.

తర్వాత యుద్ధం వచ్చింది. రెండేళ్ళు వరసగా వానలు మొండికేశాయి. కొత్త బావులు తవ్వించేవాళ్ళు లేరు, ఉన్న బావుల్లో దిగడానికి నీళ్ళు లేవు. అలాంటి రోజుల్లో చింతామణి సంతలో కూలీలను పోగుచేసే మేస్త్రీ ఒకడు తిరుగుతున్నాడని కబురొచ్చింది. తూర్పు సముద్రం ఒడ్డున ఒక రేవు. కిందటి ఎండాకాలం జపాను విమానాలు బాంబులేస్తే, బొగ్గు మోసే ఓడ ఒకటి ఆ రేవు ముఖద్వారంలోనే మునిగి దారికి అడ్డం పడింది. దాన్ని లేపాలి. నీళ్ళకింద బురద తవ్వగలిగిన మనుషులు కావాలి.

మునినారాయణ పేరిచ్చి వచ్చాడు. ఆ సాయంత్రమే అతని చెల్లెలు చౌడమ్మ మొగుడు ముత్యాలప్ప వాకిట్లోకొచ్చి నిలబడ్డాడు. ఇరవయ్యారేళ్ళవాడు. పనిలో ఎద్దు, మాటల్లో కొంటె. నలుగురున్నచోట నవ్వించకుండా లేచేవాడు కాడు.

"బావా, నన్నూ తీసుకపో. సముద్రం ఎట్లుంటుందో నా కంటితో చూడల్ల."

"అది పండగ కాదప్పా."

"ఈడ మాత్రం ఏం పండగ చేస్తాండాము?"

చౌడమ్మ ఒప్పుకోలేదు. రెండురోజులు పొయ్యి వెలిగించకుండా కూర్చుంది. చివరికి తనే వచ్చి, "నువ్వుండావని పంపిస్తాండానన్నా" అంది. మునినారాయణ తలూపాడు. ఆ తలూపడం తర్వాత ఎన్నోసార్లు అతని మెడను పట్టి వంచింది.

రేవులో వీళ్ళ మాట విని అక్కడివాళ్ళు నవ్వేవారు. తెలుగే అయినా ఆ తెలుగు వేరు. ముత్యాలప్ప ఊరుకునేవాడా! వారంలోనే వాళ్ళ మాట పట్టేసి, వాళ్ళకే వాళ్ళను అనుకరించి చూపేవాడు. పని మీదున్న దొర కూడా ఒకసారి ఆగి విని, అర్థంకాకపోయినా నవ్వాడు.

ఓడను లేపే ఉపాయం మునినారాయణకు ఎవరూ విడమరిచి చెప్పాల్సిన పనిలేకపోయింది. సీమనూనె డబ్బాల స్థానంలో ఇల్లంతేసి ఇనుప పీపాలు. వాటిలో నీళ్ళు నింపి ఓడకు అటూ ఇటూ ముంచుతారు. ఓడ అడుగునుంచి ఆరు గొలుసులు దూర్చి, ఈ పక్క పీపాను ఆ పక్క పీపాకు కడతారు. పున్నమి పోటు నాడు యంత్రంతో పీపాల్లోకి గాలి కొడితే, నీళ్ళు బయటికి పోయి, పీపాలు ఓడను ఊయలలో బిడ్డలాగా పైకెత్తుతాయి. కష్టమంతా గొలుసులు దూర్చడంలోనే. బురదలో కూరుకుపోయిన ఓడ కింద ఈ పక్కనుంచి ఆ పక్కకు మనిషి పాకేటంత బొరియ తవ్వాలి. తలకు ఇత్తడి టోపీ, కాళ్ళకు సీసం బూట్లు, పైన పడవలోంచి గాలి పంపే రబ్బరు గొట్టం, నడుముకు తాడు. తాడు ఒకసారి లాగితే బాగున్నానని, మూడుసార్లు లాగితే పైకి తీయమని.

నాలుగు నెలల్లో అయిదు గొలుసులు దూరాయి. అందులో మూడింటి బొరియలు మునినారాయణ తవ్వినవే. నాలుగో బొరియలో ఉండగా అతని ఎడమ చెవిలో ఏదో పగిలింది. టోపీ తీసేసరికి మెడదాకా నెత్తురు. ఆ రోజునుంచి అతని వంతు పని ముత్యాలప్ప మీద పడింది, ముత్యాలప్ప తాడు మునినారాయణ చేతికొచ్చింది.

పున్నమి వచ్చింది. ఆరో గొలుసు కూడా దూరింది కానీ వెనకభాగంలో ఎక్కడో మెలిపడి బిగుసుకోలేదు. పోటు మధ్యాహ్నానికి. ఆ పోటు తప్పితే మళ్ళీ పక్షం రోజులు ఆగాలి. ముందువైపు పీపాలకు గాలి కొట్టడం అప్పటికే మొదలైంది. గాలి యంత్రం నడుస్తుండగా ఓడ కింద మనిషి ఉండకూడదని రేవులో గట్టి నియమం. అయినా మేస్త్రీ వచ్చి, "ఒక్క నిమిషం పని. గొలుసు తప్పించి వచ్చెయ్" అన్నాడు.

ముత్యాలప్ప టోపీ పెట్టించుకోబోతూ ఆగి, "బావా, ఇది లేస్తే దీంట్లోనే ఊరికి పోదామా? తొండేభావి స్టేషను మీదుగా చింతామణికి" అన్నాడు. పడవలో ఉన్నవాళ్ళంతా నవ్వారు. అతను దిగాడు.

తాడు ఒకసారి కదిలింది. కొంతసేపటికి మళ్ళీ ఒకసారి. ఆ తర్వాత పడవ కింద సముద్రం పెద్దగా మూలిగినట్టయింది. ఓడ ముందుభాగం లేచింది. వెనకభాగం ఒక బెత్తెడు పక్కకు ఒరిగి మళ్ళీ బురదలో కూర్చుంది. గాలిగొట్టం బిగుసుకుంది. మునినారాయణ తాడు లాగాడు. అటునుంచి జవాబు లేదు. మళ్ళీ లాగాడు. ప్రాణమంతా పెట్టి లాగాడు. తాడు ఒక్కసారిగా వదులై చేతుల్లోకి వచ్చింది. చివర పీచులు పీచులుగా తెగి ఉంది.

"ఆపండి! నిలబెట్టండి! మావాడు కిందుండాడు!" అని అరిచాడు. టోపీ కోసం పరుగెత్తాడు. ఇద్దరు పట్టుకున్నారు. దొర పక్క పడవలో నిలబడి ఉన్నాడు. మేస్త్రీ అతనితో ఏదో చెప్పాడు. దొర గడియారం చూసుకున్నాడు, నీళ్ళకేసి చూశాడు, చెయ్యి ఊపాడు. ఇప్పుడు గాలి ఆపితే ఓడ బోర్లాపడుతుందని, ఇంక ఎప్పటికీ లేవదని మేస్త్రీ వచ్చి చెప్పాడు. గాలి యంత్రం ఆగలేదు.

మధ్యాహ్నం దాటాక ఓడ తేలింది. ముందు పొగగొట్టం, తర్వాత తుప్పు కారుతున్న గోడలు, ఒంటినిండా నాచు. ఒడ్డునున్న వందలమంది చప్పట్లు కొట్టారు, ఈలలు వేశారు. మునినారాయణ పడవలో తెగిన తాడు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. అయిదేళ్ళ కిందట గానుగ లేచిన పొద్దున తనూ ఇలాగే చప్పట్లు కొట్టాడని గుర్తొచ్చింది.

ఓడ లేచిన గుంట ఆ పోటుకే పూడిపోయింది. రెండురోజులు వెదికారు. సీసం బూటు ఒకటి దొరికింది.

మూడోరోజు ఆఫీసులో గుమాస్తా ఒక కాగితం ముందుకు తోశాడు. ఇంగ్లీషులో ఉంది.

"ఏముండాది సామీ ఇందులో?"

"పని ముగిసిందని. వేలు పెడితే నీకు రైలు పాసు ఇస్తారు. ఇంటికి పోవచ్చు."

"ముత్యాలప్ప మాట?"

గుమాస్తా తలెత్తలేదు. "అదీ ఉందిలే."

మునినారాయణ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఇంకొకరితో చదివించుకుంటానని అనాలనిపించింది. కానీ ఆ సముద్రం వాసన అతనికి ఊపిరి ఆడనివ్వడం లేదు. ఎలాగైనా అక్కణ్ణుంచి పోవాలి. వేలు చాచాడు. గుమాస్తా దానికి సిరా పూసి, కాగితం మీద నొక్కాడు.

ఊరికొచ్చి చౌడమ్మకు ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆమె ఏడవలేదు. "అంత పెద్ద ఇనపోడ తేలిందంటివే. మనిషి తేలలేదా అన్నా?" అంది.

ముత్యాలప్ప అన్న సుబ్బరాయప్ప కర్మ చేయించడానికి సిద్ధమవుతుండగా, రేవునుంచి చింతామణి తాలూకా కచేరికి కాగితం వచ్చింది. ముత్యాలప్ప అనే కూలీ ఓడ లేపడానికి ముందురోజే పని వదిలి పారిపోయాడని, ఆచూకీ తెలియలేదని. సుబ్బరాయప్ప కర్మ ఆపేశాడు. బతికున్నవాడికి పిండం పెడితే వంశానికి మంచిది కాదన్నాడు. తమ్ముడు చచ్చిపోయాడంటే చౌడమ్మకు భాగం కింద చేను పంచాలి, పారిపోయాడంటే పంచనక్కరలేదు. ఈ సంగతి అతను అనలేదు, ఎవరూ అననక్కరలేకపోయింది.

చౌడమ్మ అన్నను వెంటబెట్టుకుని కచేరికి పోయింది. తాలూకా అధికారి అమల్దారు మంచివాడే. కూర్చోమన్నాడు, అంతా విన్నాడు. మునినారాయణ తన జన్మలో అన్ని మాటలు ఎప్పుడూ మాట్లాడి ఉండడు. గొలుసు, పోటు, మేస్త్రీ, తెగిన తాడు, ఏదీ వదలలేదు. అమల్దారు కాగితాల కట్ట విప్పి, ఒకటి తీసి బల్లమీద పెట్టాడు.

"ఈ వేలిముద్ర ఎవరిదప్పా?"

మునినారాయణ వంగి చూశాడు. కింద తన పేరు రాసి ఉందన్నారు. సిరాలో బొటనవేలి మీది పాత కోతగాటు స్పష్టంగా పడింది.

"నాదే సామీ."

"ముత్యాలప్ప పారిపోతుండగా నేను కళ్ళారా చూశానని నువ్వే చెప్పినట్టు ఇందులో రాసుంది. మరి ఏది అబద్ధం? నీ నోరా, నీ వేలా?"

చౌడమ్మ తిరిగి అన్న ముఖంలోకి చూసింది. కాగితం సంగతి అతను ఆమెకు చెప్పలేదు. అంతా చెప్పాడు కానీ అది చెప్పలేదు.

"నాకి చదువు రాదు సామీ" అన్నాడు.

"చదివించుకుంటానని అనలేకపోయినావా?"

అది అమల్దారు అడిగిన ప్రశ్న కాదు. చౌడమ్మ అడిగింది.

అత్తవారింట్లో ఇంక చోటులేక ఆమె అన్న ఇంటికే వచ్చేసింది. వదిన చిక్కమ్మతో మాట్లాడేది, పనికి పోయేది, అన్నకు సంగటి వడ్డించేది. అన్నతో మాత్రం మాట్లాడలేదు. పుట్టింట్లో ఉన్న పడుచును చూసి ఊరు ఊరుకుంటుందా? ముత్యాలప్ప రేవులో ఇంకో ఆడమనిషితో ఉన్నాడని ఒకరు, గుంతకల్లులో రైలెక్కుతుంటే చూశామని ఒకరు. నుదుట కుంకుమ పెట్టుకుంటే "ఎవరి కోసమో" అనేవారు. పెట్టుకోకపోతే "మొగుడు బతికుండగా ఇదేం పోయేకాలం" అనేవారు.

మునినారాయణ ప్రతి ఆదివారం చింతామణికి నడిచి, వాసుదేవమూర్తి మేష్ట్రు చేత అర్జీలు రాయించాడు. కాగితం చదివి వినిపించనిదే సంతకం పెట్టనని పట్టుబట్టి, నలభై మూడేళ్ళ వయసులో తన పేరులోని అక్షరాలు నేర్చుకున్నాడు. అర్జీలు రేవుకు, బెంగుళూరుకు, ఢిల్లీకి పోయాయి. యుద్ధం ముగిసింది. మొదటి అర్జీ పెట్టిన మూడేళ్ళకు ఒక జవాబు వచ్చింది. మేష్ట్రు స్వయంగా బట్లహళ్ళికి తెచ్చి, అరుగుమీద కూర్చుని చదివాడు. లోగడ స్వయంగా ఇచ్చిన వాఙ్మూలాన్ని ఇప్పుడు మార్చడానికి వీల్లేదు. ఇకమీదట ఈ విషయమై రాయవద్దు. జతగా ఒక అచ్చుకాగితం: ఒక్క ప్రాణం కూడా పోకుండా ఓడను లేపిన పనివారిని సర్కారు మెచ్చుకుంటోంది.

గడప లోపల నిలబడి వింటున్న చౌడమ్మ అడిగింది. "మేష్ట్రప్పా, అందులో ఆయన పేరుండాదా?"

"లేదమ్మా."

"మా అన్నది?"

మేష్ట్రు కాగితం మడిచాడు. "ఉండాదమ్మా."

ఆమె లోపలికి పోయింది. మర్నాడు పొద్దున పెరట్లో గాజులు తనే పగలగొట్టుకుంది. ఏ సర్కారునూ, ఏ అత్తింటినీ అడగలేదు. పదకొండో రోజుకు పురోహితుణ్ణి పిలిస్తే, చావు లేనిదే కర్మ ఎట్లని రాలేదు. సుబ్బరాయప్ప తలుపు తీయలేదు. చిక్కమ్మ అన్నం వండి ఇచ్చింది. ముగ్గురూ చెరువు కట్ట దిగి నీళ్ళ దగ్గరికి పోయారు. ఆడది పిండం పెట్టకూడదు గనక, ఆకులో ముద్ద చేసి మునినారాయణే ముందుకు వంగాడు.

"నువ్వొద్దు" అంది చౌడమ్మ.

"నేను కాకపోతే ఇంకెవరమ్మా పెట్టేది?"

"ఎవరూ వద్దు. నేనే పెట్టుకుంటా."

అతని చేతిలోంచి ఆకు తీసుకుని ఆమె మోకాలిలోతు నీళ్ళలోకి దిగింది. చిక్కమ్మ ఏదో అనబోయి మానుకుంది. మునినారాయణ గట్టుమీదే నిలబడ్డాడు. వినపడే ఒక్క చెవిలో, నీళ్ళలో ఆమె అడుగుల చప్పుడు కొంతసేపు ఉండి, ఆకు వదలడానికి ఆమె వంగినచోట ఆగిపోయింది.