బస్సు దిగినవా, నన్ను జూసినవా: రత్నం కట్టిన పాట

నిన్న పొద్దున రత్నం కూతురు ఫోన్ చేసింది. "అంకుల్, డాడీ ఇక లేరు" అంది.

మళ్లీ ఆ అమ్మాయే, "అంకుల్, లైన్లో ఉన్నారా?" అని అడిగింది.

ఉన్నాను. ఇవాళ కాస్త కుదుటపడి ఇది రాస్తున్నాను.

రత్నం మా ఫ్రెండ్స్‌లో చాలామందికి తెలియదు. అరవైల చివర్లో యూనివర్సిటీలో నా క్లాస్‌మేట్. వాళ్లది గుంటూరు వైపు క్రిస్టియన్ కుటుంబం. నాన్నగారు స్కూల్ టీచర్, తార్నాకలో ఇల్లు. నేను ఇటువైపు పల్లెలో వ్యవసాయం చేసుకునే ఇంటి నుంచి వచ్చి హాస్టల్‌లో ఉండేవాణ్ణి.

అప్పట్లో క్యాంపస్ అంతా ఒక ఇంగ్లీష్ పాప్ సాంగ్ కూనిరాగం తీస్తుండేది. ముషీరాబాద్‌లో ఒక రేడియో షాపు ముందు నిలబడితే ఆ రికార్డు వినిపించేది.

ఒకరోజు అక్కడే రత్నం అడిగాడు. "ఎంతమంది పాడుతున్నారు?"

"ఒక్కడే గదా."

"ఇద్దరు. కింద ఇంకొకడున్నాడు. పైవాణ్ణి వదిలేసి విను."

విన్నాను. నిజంగానే ఉన్నాడు.

పైగొంతు మెట్లు దిగి వస్తోంది. కిందిగొంతు ఒకే స్వరం మీద కదలకుండా నిలబడింది. రెండూ దగ్గరికి వచ్చిన చోట నా ఒళ్లు జల్లుమంది.

మా ఊళ్లో పదిమంది పాడినా అందరిదీ ఒకే వరస. రత్నం ఇంట్లో అలా కాదు. ప్రార్థన పాట ఎత్తుకుంటే అమ్మది ఒక వరస, నాన్నది ఇంకొకటి. హార్మొనీ అనే మాట నేను మొదట విన్నది అతని నోటే.

ఆ రికార్డు విన్న తర్వాత తనే ఒక పాట కట్టాడు. తెలుగులో. బస్టాప్‌లో అమ్మాయి కోసం ఎదురుచూసే కుర్రాడి పాట.

"బస్సు దిగావా, నన్ను చూశావా" అని పల్లవి.

వాళ్ల వరండాలో గిటార్ పట్టుకుని నాకు కిందిగొంతు నేర్పుతున్నాడు. పాడేటప్పుడు నా నోటికి నా మాటే వచ్చింది. "బస్సు దిగినవా, నన్ను జూసినవా."

గిటార్ ఆపేశాడు. నవ్వుతాడనుకున్నాను. క్లాసులో నా యాసకు నవ్వేవాళ్లు ఉండేవాళ్లు మరి.

"మళ్లీ అను" అన్నాడు.

అన్నాను. వేళ్ల మీద అక్షరాలు లెక్కపెట్టుకున్నాడు.

"మా మాటలో మూడే ఉన్నాయి యాదగిరీ. మీ మాటలో నాలుగు. ఆ 'న' దగ్గర నువ్వు ఒక మెట్టు దిగు. నేను కదలను. 'వా' దగ్గర మళ్లీ పైకి రా."

పాడాం.

ఆ ఒక్క అక్షరంలో పాట మొత్తం తలుపు తెరుచుకున్నట్టయింది. వంటింట్లోంచి వాళ్లమ్మ తడి చేతులతో వచ్చి గుమ్మంలో నిలబడిపోయింది. "ఎవరి పాట బాబూ ఇది?" అని అడిగింది.

రత్నం నన్ను చూపించాడు. "మా ఇద్దరిదీ అమ్మా."

పల్లవి మొత్తం నా మాటలోకి మార్చేశాడు. తను కూడా అలాగే పాడాడు.

తర్వాత ఇక్కడి వాళ్లకు ప్రత్యేక రాష్ట్రం కావాలనే ఉద్యమం వచ్చింది. ఊరేగింపుల్లో నేనూ నడిచాను. అది మా ఊళ్ల సంగతి, మాకు రావాల్సిన ఉద్యోగాల సంగతి. కానీ రత్నం వాళ్ల వీధిలో గుంటూరు వైపు కుటుంబాలు ఒక్కొక్కటీ ఇల్లు ఖాళీ చేస్తుంటే, అటు వెళ్లి రత్నం ఇంటి తలుపు తీసి ఉందో లేదో చూసి వచ్చేవాణ్ణి.

ఆ రోజుల్లోనే మా హాస్టల్‌లో చిన్న ఫంక్షన్. ఇద్దరం పాడాలని ముందే అనుకున్నాం. హాస్టల్‌లో ఒకతను నన్ను పక్కకు పిలిచి, "గా ఆంధ్రా పిలగాణ్ణి ఎందుకు తెస్తున్నవ్?" అన్నాడు.

నేను తార్నాక వెళ్లి, "ఇప్పుడు రాకు రా, హాలత్ మంచిగ లేదు" అని చెప్పాను.

"పాటకు రెండు గొంతులు కావాలి కదా" అన్నాడు.

ఫంక్షన్ రోజు గిటార్ దుప్పట్లో చుట్టుకుని నడిచి వచ్చాడు.

స్టేజి ఎక్కగానే వెనక నుంచి ఎవరో అరిచారు, "వాపస్ పో" అని. రత్నం నా వైపు చూసి తల ఊపాడు.

"బస్సు దిగినవా..."

ఆ మాట అతని నోట విని హాల్ సద్దుమణిగింది. 'న' దగ్గర నేను కిందికి దిగాను. అతను కదలలేదు.

రెండోసారి పల్లవికి ముందు వరసల వాళ్లు అందుకున్నారు. మూడోసారికి హాలంతా పాడింది. అరిచినతను పాడలేదు. కానీ కూర్చుని, చివరిదాకా విన్నాడు.

ఆ తర్వాత క్లాసులు మూతపడ్డాయి. వాళ్లు గుంటూరు వెళ్లిపోయారు, పరిస్థితులు చల్లబడ్డాక మళ్లీ వచ్చారు. రత్నం టీచరయ్యాడు. వారాసిగూడలో ఎందరో పిల్లలకు రెండు గొంతుల్లో పాడటం నేర్పాడు. మా పాట మాత్రం ఏ రికార్డులోకీ ఎక్కలేదు.

అప్పుడు హాస్టల్‌లో ఫంక్షన్ అయ్యాక, ఆ సాయంత్రం అతన్ని ఇంటిదాకా దిగబెట్టడానికి వెళ్లాను. దారిలో అడిగాను. "గంత మందిల నీకు భయం కాలేదా?"

"అయింది యాదగిరీ. కింద నీ గొంతు ఉందిగా, దాని మీద నిలబడ్డాను."

వెళ్లిరా రత్నం. నువ్వు నమ్మిన ప్రభువు ఒడిలో నీ ప్రాణం హాయిగా ఉండాలి.