ఏడు అలెర్జీలు, ఐటెమ్‌కి యాభై చొప్పున

నా కూతుర్ని చిరుగు పడ్డ చీరలా చూపించి మూడు వందల యాభై రూపాయలు తగ్గించుకున్న ఘనత నాది. ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం దాకా బేరగాళ్ళు చాలామంది ఉండొచ్చు గానీ, కన్నబిడ్డకి లేనిపోనివి అంటగట్టి భోజనం రేటు దించినవాళ్ళు నాకు తెలిసి ఇంకెవరూ లేరు. ఉన్నా బయటికి చెప్పుకోరు. నేను చెప్పుకుంటున్నాను. ఆ బేరం ఎంత అడ్డంగా తిరగబడిందో వింటే మీరు కాసేపు నవ్వుకుంటారు, ఆ మేరకైనా నాకు గిట్టుబాటవుతుంది.

ముందు నా పెంపకం సంగతి. మా నాన్నకి గూడెంలో బట్టల కొట్టు. నేను అ ఆలు దిద్దింది గల్లాపెట్టె పక్కన కూర్చునే. చీరలో చిరుగు కనిపిస్తే నాన్న మారు మాట్లాడకుండా రేటు తగ్గించేవాడు. అది కనిపెట్టిన కొందరు మడత విప్పే వంకతో గోటితో తామే చిరుగు పెట్టి, "ఇదిగో చూడండి, ఎలా ఉందో" అనేవారు. వాళ్ళు వెళ్ళాక నాన్న నాతో, "ఒక చిరుగు చూపిస్తే చీర చూడాలమ్మా. నాలుగు చిరుగులు చూపిస్తే గోళ్ళు చూడాలి" అనేవాడు. ఆ మాటలో నీతి ఉందని అప్పుడు తెలియలేదు. చిట్కా ఉందనుకున్నాను.

ఇక మా పెద్దది లహరి. అప్పటికి ఎనిమిదేళ్ళది. దానికి వేరుశనగ పడదు. పడదంటే పొట్ట ఉబ్బరించి ఊరుకోవడం కాదు. మూడేళ్ళప్పుడు ఒక పెళ్ళిలో ఎవరో ముద్దొచ్చి చేతిలో వేరుశనగ ఉండ పెట్టారు. సగం తినేసరికి పెదాలు వాచిపోయి, ఊపిరి ఈల వేసినట్టు రావడం మొదలెట్టింది. దాన్ని ఒళ్ళో వేసుకుని ఆసుపత్రికి పరుగెత్తాం. జీవితంలో నేను బేరమాడకుండా ఎక్కిన ఆటో అదొక్కటే. అప్పట్నుంచి నా సంచీలో డాక్టరుగారిచ్చిన మందు, దాని నోట్లో ఒక ప్రశ్న ఎప్పుడూ ఉంటాయి. "ఇందులో వేరుశనగ ఉందా అండీ?" అని ప్రసాదం పెట్టే పూజారిగారిని కూడా అడుగుతుంది.

ఆ ఏడు వేసవి సెలవుల్లో కొల్లేటి పక్కన కొత్త పార్కు తెరిచారు. నీళ్ళ జారుడుబల్లలు, ఉండటానికి గదులు, పెద్ద భోజనాల హాలు. నట్టనడుమ మూడంతస్తుల సిమెంటు గూడబాతు. కొల్లేటి మీద వాలే ఆ సంచిముక్కు పక్షే, కాకపోతే దీని ముక్కులోకి మెట్లుంటాయి. పిల్లలు ముక్కులో దూరి, కడుపులోంచి జారి నీళ్ళలో పడతారు. ఎటునుంచి పడతారో నేను రాయను, మీరే ఊహించుకోండి. అక్కడ ఐస్‌క్రీమ్ కూడా గూడబాతు ముక్కులాంటి గిన్నెలో పెట్టిస్తారని స్కూల్లో ఎవరో చెప్పారు. అంతే, లహరి నెలరోజులు ఆ గిన్నెనే జపం చేసింది. "అమ్మా, ఐస్‌క్రీమ్ అయిపోయాక గిన్నె మనకే ఇచ్చేస్తారంట" అని నిద్రలో కూడా అంది.

ఆదివారం పొద్దున్నే మా ఆయన, నేను, లహరి, మా చిన్నవాడు, నాలుగేళ్ళ బన్నూ దిగాం. భోజనాల కౌంటర్లో తల నున్నగా దువ్వుకున్న మేనేజరబ్బాయి ఉన్నాడు. పిల్లలకి తలకి, రెండు పూటలకీ కలిపి ఆరు వందలని బోర్డు.

"పిల్లలకి ఏమైనా పడనివి ఉన్నాయాండీ? ఉంటే ఫారం రాయాలి" అన్నాడు.

"మా అమ్మాయికి వేరుశనగ పడదండీ."

అక్కడ నోరు మూసుకుని ఉంటే మీకు చదవడానికి ఏమీ ఉండేది కాదు. నేను మూసుకోలేదు.

"అంటే మీరు వండినవాటిలో కొన్ని అది తినలేదు కదండీ. తినని వాటికి కూడా పూర్తి రేటేనా?"

"ఒక్క ఐటెమ్‌కి తగ్గించలేమండీ."

"మరి ఎన్నింటికైతే తగ్గిస్తారు?"

మా ఆయన గొంతు సవరించుకున్నారు. ఆయన కాలేజీలో లెక్కలు చెబుతారు గానీ, బేరం మొదలైతే గోడమీద బల్లిలా అయిపోతారు.

"మూడు దాటితే ఐటెమ్‌కి యాభై చొప్పున చూడొచ్చండీ" అన్నాడు మేనేజరు నవ్వుతూ. పాపం, హాస్యానికి అన్నాడేమో. నా చెవుల్లో మాత్రం గల్లాపెట్టె గణగణ మోగింది.

"అయితే పాలు రాసుకోండి."

"పాలు పడవాండీ?"

"వాసనే పడదు. గుడ్డు కూడా. గోధుమ రాశారా? చేప, రొయ్య విడివిడిగా రాయండి, రెండూ ఒకటి కాదు కదా."

"నువ్వులు?" అని అతనే అందించాడు. మంచి కుర్రాడు.

"అయ్యో, మర్చేపోయానండీ. నువ్వులు."

లహరి నా చీర కొంగు లాగింది. "అమ్మా, నాకు పాలు ఎప్పట్నుంచి పడవు?"

"ఇప్పట్నుంచి" అన్నాను దాని చెవిలో.

ఏడు ఐటెమ్స్, మూడు వందల యాభై తగ్గింపు. చేతిలోంచి రెండు వందల యాభై మాత్రమే పోయింది. "వెనకపక్క కూడా చదివి సంతకం పెట్టండమ్మా" అన్నాడు. చదివినట్టే పెట్టేశాను. బేరం గెలిచిన చెయ్యి చదవడానికి ఆగదు.

లహరి మణికట్టుకి ఎర్ర బ్యాండు వేశారు. అది చూసి బన్నూ, "నాకూ అలెర్జీ కావాలి" అని నేలమీద పడి దొర్లాడు. వాడి తలకాయ మీదుగా నేను మేనేజరు వంక చూశాను.

"వద్దు" అన్నారు మా ఆయన. పెళ్ళయ్యాక ఆయన అంత గట్టిగా అన్న మాట అదే.

పిల్లలిద్దరూ గూడబాతు కడుపులోంచి పదకొండుసార్లు జారారు. పన్నెండోసారి నేనూ జారాను. కొంగు ముక్కులో చిక్కుకుని సగందూరం తలకిందులుగా వచ్చాను, ఆ కథ ఇంకోటి. తడిబట్టలు మార్చుకుని, ఎగురుకుంటూ ఐస్‌క్రీమ్ బండి దగ్గరికి వెళ్ళాం. గిన్నె అందించబోయిన బండతను ఎర్ర బ్యాండు చూసి, పాముని చూసినట్టు చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

"ఈ బ్యాండు ఉన్న పిల్లలకి వంట మాస్టారు చెప్పందే మంచినీళ్ళు తప్ప ఏమీ ఇవ్వకూడదండీ."

పాప్‌కార్న్ బండి దగ్గరా అదే మాట. చెరుకురసం దగ్గరా అదే. లహరి నావైపు చూసిన చూపు మా నాన్న గోళ్ళ వైపు చూసే చూపులా ఉంది.

భోజనాల హాల్లో నలభై రకాలు. నేతి వాసన, చేపల వేపుడు వాసన, మధ్యలో మా కోసం వేరే బల్ల. దానిమీద గుడ్డ కప్పిన పళ్ళెం పట్టుకుని వంట మాస్టారు మస్తాన్‌గారు స్వయంగా వచ్చారు. ఏలూరు మనిషి, అరవై ఏళ్ళుంటాయి, తెల్లటి గడ్డం, చేతులు మోచేతుల దాకా కడుక్కున్న తడి ఇంకా ఆరలేదు.

"పాప గురించి రాసింది చదివానమ్మా. ప్రాణం ఉసూరుమంది. కొత్త గిన్నె తీయించి, వేరే పొయ్యి మీద నేనే వండాను. ఇంకెవర్నీ చెయ్యి పెట్టనివ్వలేదు" అని గుడ్డ తీశారు.

తెల్లన్నం. ఉడకబెట్టిన ఆనపకాయ ముక్కలు. ఉప్పు.

"తాలింపు అయినా..." అన్నాను.

"ఏ నూనె పడుతుందో ఏమోనమ్మా. ఇన్ని పడని బిడ్డతో సాహసం చెయ్యకూడదు కదా."

నేను బల్లకింద నుంచి ఒక చపాతీ ముక్క అందించబోయాను. ఎక్కడ కాపలా కాశాడో వడ్డించే అతను, "అమ్మా, అది గోధుమండీ" అని మెత్తగా లాక్కుపోయాడు. పక్కబల్ల ఆవిడ చెయ్యి కడుక్కుని మరీ వచ్చి నా భుజం నిమిరింది. "పాలు కూడా పడవాండీ? పెరుగు? అయ్యో తల్లీ, ఎలా పెంచుతున్నారండీ?" అంది. ఆవిడ కళ్ళల్లో నీళ్ళు. నేను తల దించుకున్నాను. ఆవిడ దుఃఖం అనుకుంది.

లహరి రెండు ముద్దలు తిని, ఆనపకాయ ముక్కని పళ్ళెం అంచుకి జరిపి, నెమ్మదిగా అడిగింది. "అమ్మా, నువ్వు నన్ను ఎంతకి తగ్గించావు?"

మా ఆయన నీళ్ళగ్లాసు కిందపెట్టి, "వెళ్ళు. వెళ్ళి నిజం చెప్పు" అన్నారు.

వెళ్ళాను. కానీ చూడండి, పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదన్నారు. నేను నిజాన్ని కూడా బేరం పెట్టే చెప్పాను.

"ఫారంలో కొంచెం ఎక్కువ రాయించామండీ."

"కొంచెమంటే ఎన్నండీ?"

"ఆరు."

మేనేజరు పెన్ను మూత తీశాడు. "ఆరు తీసేస్తే మూడు వందలు కట్టాలమ్మా."

"రెండు వందలకి తీసెయ్యండి. మీ దగ్గర మాత్రం ఏం పోయింది, ఆనపకాయేగా."

"అలా కుదరదండీ. ఆరు కొట్టేసి, మిగిలిన ఒక్కదానికి కొత్త ఫారం రాసి, కొత్త బ్యాండు వెయ్యాలి. అదే మొత్తం కొట్టేస్తే పని ఉండదు, రెండు వందల యాభై ఇవ్వండి చాలు."

మూడు వందలు. రెండు వందల యాభై. మొత్తం లాటుగా తీసుకుంటే యాభై తక్కువ. ఇంతకన్నా నాకేమీ వినిపించలేదని ఒట్టేసి చెబుతున్నాను.

"సరే, మొత్తం కొట్టెయ్యండి" అన్నాను.

అతను ఫారం మీద అడ్డంగా ఒక గీత గీసి, లహరిని పిలిపించి చేతి బ్యాండు కత్తెరతో కత్తిరించాడు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడుతుందని మన పెద్దలన్నారు. లేని ఆరింటినీ తీయించబోయి ఉన్న ఒక్కదాన్నీ తీయించుకున్నదాని గురించి వాళ్ళేమీ అనలేదు. అంత తెలివైనదాన్ని వాళ్ళు చూసి ఉండరు.

ఎంత ఉషారో మా ఇద్దరికీ. చెయ్యీ చెయ్యీ పట్టుకుని ఐస్‌క్రీమ్ బండికి పరుగెత్తాం. అరవై ఇచ్చి గూడబాతు ముక్కు గిన్నె కొన్నాను. బండతను రెండు గుండ్రాలు పెట్టి, పైన ఏదో పొడి జల్లి ఇచ్చాడు. లహరి చెంచా ముంచింది. నోటిదాకా తెచ్చింది. ఆగింది.

"ఇందులో వేరుశనగ ఉందా అండీ?"

"లేదులేవే, తిను, కరిగిపోతోంది" అన్నాను. నేనే అన్నాను. ఆ మాట ఇప్పటికీ నా చెవుల్లో నా గొంతుతోనే వినిపిస్తుంది.

బండతను తల ఎత్తాడు. "పైన చల్లింది వేరుశనగ పొడే పాపా. నీకు బ్యాండు లేదు కదా, అందుకని చల్లాను."

చెంచా పెదవికి బెత్తెడు దూరంలో ఉంది. సంచీలో మందు కోసం చెయ్యి పెట్టాను, చెయ్యి తాళాల గుత్తి పట్టుకుంది. లహరి చెంచాని గిన్నెలో పెట్టింది. గిన్నెని బండి మీద పెట్టింది. కుళాయి దగ్గరికి వెళ్ళి సబ్బుతో చేతులు కడుక్కుంది. వెనక్కొచ్చి, ఏడవకుండా, "మస్తాన్‌గారి దగ్గరికి వెళ్దాం పదమ్మా" అంది.

వంటింటి గుమ్మంలో ఆయన మా ఇద్దర్నీ మార్చి మార్చి చూశారు. జరిగింది లహరే చెప్పింది, నేను చెప్పనవసరం లేనంత వివరంగా. ఆయన కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది.

"అమ్మా, పొద్దున ఏడన్నారు. మధ్యాహ్నం ఏమీ లేవన్నారు. ఇప్పుడు బేరం లేకుండా చెప్పండి. పాపకి పడనిది ఏమిటండీ?"

"వేరుశనగ."

"ఇంకా?"

"ఇంకేమీ లేదండీ."

ఆయన నన్ను వదిలేసి లహరి వైపు చూశారు. అది తలూపింది. అప్పుడు నమ్మారు. మేనేజర్ని పిలిచి కొత్త ఫారం రాయించారు, ఒకే ఒక్క మాటతో. రాత్రి భోజనంలో లహరి చేపల పులుసు తింది, చపాతీ తింది, పెరుగన్నం తింది. చివర్న మస్తాన్‌గారు కొత్త డబ్బా మూత తీసి, కడిగిన చెంచాతో, గూడబాతు గిన్నె నిండా ఐస్‌క్రీమ్ పెట్టి తెచ్చారు. అది గిన్నె వైపు చూసి, ఆయన వైపు చూసి, అప్పుడు కూడా అడిగింది.

"లేదు తల్లీ. అలాగే అడుగుతుండు. మీ అమ్మ చెప్పినా సరే, అడుగు" అన్నారాయన.

కాబట్టి చదువరులారా, తాడేపల్లిగూడెం బట్టల కొట్టు సాక్షిగా, మా నాన్న గల్లాపెట్టె మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేస్తున్నాను. చీరకి బేరమాడతాను, చేపకి బేరమాడతాను, యముడొస్తే దున్నపోతు కిరాయికీ బేరమాడతాను. నా పిల్లల మీద మాత్రం గోరు పెట్టను.

ఇక లహరి బిల్లు. పొద్దున కట్టినది రెండు వందల యాభై. అలెర్జీలు కొట్టేయించడానికి రెండు వందల యాభై. పారబోసిన ఐస్‌క్రీమ్ అరవై. పడనివి మూడు దాటితే విడిగా వండినందుకు మూడు వందలు, ఒక్కటే అయితే విడి వంట ఉచితం అని ఫారం వెనకపక్క ఉందట, చదివితే. మొత్తం ఎనిమిది వందల అరవై. నిజం చెప్పి ఉంటే ఆరు వందలు. మస్తాన్‌గారు పెట్టిన ఐస్‌క్రీమ్‌కి డబ్బు తీసుకోలేదు.

ఆ ఎనిమిది వందల అరవై లెక్కపెట్టి ఇచ్చేటప్పుడు ఒక్క రూపాయి కూడా తగ్గించమనలేదు. ఆ ఆటో తర్వాత అది రెండోసారి.