స్టీరింగు మీద ఒక్క ప్రార్థన

“మానెయ్యమన్నాడురా బామ్మర్దీ! ఆ మొదటి కౌన్సిలింగాయన ప్రార్థనే మానెయ్యమన్నాడు. తలనొప్పంటే తల తీసెయ్యమన్నట్టు లేదూ?”

“తీసేస్తే నీకు పోయేదేముంది బావా, అందులో...”

“నోర్ముయ్. చేతిలో ఇస్త్రీపెట్టె ఉంది.”

పొద్దున వేసుకోవలసిన యూనిఫాం చొక్కాను ఆ డ్రైవరు బల్ల మీద పరచి ఇస్త్రీ చేస్తున్నాడు. ఎదురుగా స్టూలు మీద భార్య తమ్ముడు టీ గ్లాసుతో కూర్చున్నాడు. జెరాక్సు షాపు నడుపుకునే మనిషి. బావ కథ చెబుతుంటే షాపు సంగతే మరిచిపోతాడు.

డిపోలో ఆ డ్రైవరును అందరూ మెత్తన్న అంటారు. ఆయన బ్రేకు వేస్తే నిలబడ్డవాడి చేతిలో టీ తొణకదు, కిటికీకి తలానించి నిద్రపోయేవాడికి మెలకువ రాదు. దిగాల్సిన స్టాపు దాటిపోయిందని తిట్టిపోసినవాళ్లూ ఉన్నారు. “ఇంట్లోనూ అంతే. కోపం రావడానికి రెండు స్టాపుల ముందే హారను కొడతాడు,” అంటుంది భార్య.

బండి తీసేముందు స్టీరింగు మీద అరచెయ్యి ఆనించి, ‘ఎక్కినవాళ్లందరినీ క్షేమంగా దింపనివ్వు’ అనుకోవడం ఆయన అలవాటు. లారీ తోలిన తండ్రి నేర్పిన మాట అది. ఒకరోజు కండక్టరు తొందరపెడితే, ఆ మాట అనుకోకుండానే బండి తీశాడు. మలుపులో బ్రేకు పట్టలేదు. బస్సు డివైడరెక్కింది, ఒక పెద్దావిడకు చెయ్యి విరిగింది. బ్రేకు గొట్టం పగిలిందనీ, డ్రైవరు తప్పేమీ లేదనీ మెకానిక్కులు తేల్చారు. దేవుడికి తన మీద కోపమొచ్చిందని మెత్తన్న తేల్చుకున్నాడు.

అప్పటినుంచీ ఆ మాట అనుకోవడం, సరిగ్గా అనుకోలేదేమోనని మళ్లీ మొదలెట్టడం. వెనక జనం ఈలలు వేసినా బండి కదిలేది కాదు. చివరికి ఆయన్ని టైర్ల షెడ్డులో వేసి, కౌన్సిలింగుకు పంపారు. రేపు పొద్దున ఆఖరి అవకాశం. మొదటి ట్రిప్పు వేళకు తీశాడా, స్టీరింగు ఆయనది. లేదంటే మిగిలిన సర్వీసంతా టైర్లతోనే.

“మరి ఆ రెండో కౌన్సిలింగు మేడం ఏమంది?”

“వెళ్లగానే నేనే అడిగేశా, మీరు దేవుణ్ణి నమ్ముతారా మేడం అని. ఆవిడ తడుముకోలేదు. ‘మీలా ప్రార్థన చేసే అలవాటు నాకు లేదండీ. అది మీకు ఇబ్బందైతే చెప్పండి, ఇంకొకరి దగ్గరికి పంపిస్తాను. లేదంటే ఆ ప్రార్థనేమిటో మీరే చెప్పాలి, నాకు తెలీదు’ అంది.”

“లేచొచ్చేశావా?”

“సర్దుకుని కూర్చున్నా. అంత చదువుకుని తెలీదని ఎవరు చెబుతార్రా!”

ఆవిడ అడిగినవి చిన్న ప్రశ్నలే. ప్రమాదానికి ముందు ఆ మాట అనుకున్నాక ఎలా ఉండేది? గుండె చల్లబడేది. మరిప్పుడు? ఊపిరాడదు. ‘అయితే ఆ రెండూ ఒకటేనంటారా?’ అని అడిగి ఊరుకుంది. మెత్తన్న ఆ ప్రశ్నను ఇంటికి మోసుకొచ్చి వారమంతా నమిలాడు.

మళ్లీ వెళ్లినప్పుడు, ఒక్కసారే అనుకుని బండి తీస్తే తప్పవుతుందా అని అడిగాడు.

“ఏమందో తెలుసా? ‘భయం సంగతి నాకు తెలుసు, దాని పని పడదాం. తప్పా ఒప్పా అన్నది మాత్రం నేను చెప్పకూడదు. మీ ప్రార్థనా మందిరం పెద్దాయన్ని అడగాలి. మీరు సరేనంటే ముగ్గురం కూర్చుందాం’ అంది.”

“కూర్చున్నారా?”

“ఆ. పెద్దాయన మాట్లాడుతున్నంతసేపూ ఆవిడ అడ్డం రాలేదు. ఆయన నన్నే అడిగాడు, ‘నీ కూతురు ఆకలేస్తోందని ఒక్కసారి అంటే, సరిగ్గా అడగలేదని పస్తు పెడతావా?’ అని. పెట్టనండీ అని నా నోటితోనే అనిపించాడు!”

ఆ తర్వాత మేడం డిపో యార్డులో ఖాళీ బస్సెక్కి పక్కన కూర్చుంది. ఒక్కసారి అనుకోమంది. ఆపైన చేతులు వణికితే వణకనివ్వమంది. వణికాయి, కాసేపటికి అవే ఆగాయి. మెత్తన్న యార్డంతా చుట్టి వచ్చాడు. ఆ మర్నాడూ వెళ్లి చుట్టాడు, ఈసారి ఒంటరిగా.

“నాకైతే ఆ ఒక్కసారి కూడా దండగే బావా,” అన్నాడు బావమరిది.

“నీ జెరాక్సు మిషన్ను పొద్దున్నే తట్టి బతిమాలుకోవూ?”

“అది మొండిది బావా!” అని నవ్వి, అంతలోనే గొంతు తగ్గించాడు. “రేపు నేనొచ్చి నీ వెనక సీట్లో కూర్చోనా? రెండోసారి పెదాలు కదిలితే వీపు మీద ఒక్కటి చరుస్తా.”

“వద్దు. రేపు మేడం కూడా రానంది. పక్కన మనిషుంటేనే తీస్తానంటే ఆ మనిషికే మొక్కుకుంటూ కూర్చుంటానట.”

మెత్తన్న చొక్కా దులిపి హ్యాంగరుకు తగిలించాడు, గ్లాసు అందుకుని బావమరిదిని గుమ్మందాకా నడిపించాడు.

“నువ్వు రా. కానీ నన్ను కనిపెట్టుకుని కూర్చోవద్దు. వెనకెక్కడో కిటికీ పక్క సీటు చూసుకో. తలానించి హాయిగా నిద్రపో. చివరి స్టాపులో నేనే వచ్చి లేపుతా. మధ్యలో మెలకువ వచ్చిందో లేదో, అది మాత్రం నిజం చెప్పు.”