శుక్రవారం వచ్చే అన్నయ్య

బహ్రెయిన్‌లో నేను పని చేసిన ఇంటివాళ్లు తెల్లవాళ్లు. బుదైయాలో ఉండేవారు. తొంభైల మధ్యలో ఒక ఏడు, ఆడపిల్లలిద్దరికీ బడివాళ్లు వసంతకాలం సెలవులిచ్చినప్పుడు, సార్ అందరినీ సైనికుల శ్మశానానికి తీసుకెళ్తానన్నారు. ఆయన పెదనాన్న రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో చనిపోతే అక్కడే పాతిపెట్టారట. సెలవుల్లో పిల్లల్ని శ్మశానానికి తిప్పేవాళ్లని అప్పుడే చూశాను. రొట్టెలు, పళ్లు, చల్లటి నీళ్ల డబ్బా సర్దుకుని నేనూ కారెక్కాను.

అప్పటికి మా ఆయన పోయి పంతొమ్మిది రోజులు. నాకు మొగుడున్నాడనే సంగతే ఆ కారులో ఎవరికీ తెలియదు.

మొగుడు అదే ఊళ్లో ఉన్నవాళ్లని ఇంటి పనికి పెట్టుకోరని ఏజెంటు చెప్పాడు. పాస్‌పోర్టులో పెళ్లి కాలేదని రాయించాడు. నేను తాళి తీసి పెట్టె అడుగున దాచాను. మా ఆయన సఖీర్‌లో తాపీ పని చేసేవాడు. ప్రతి శుక్రవారం మా గేటు దగ్గరికి వచ్చేవాడు. మా అన్నయ్య అని మేడంకి చెప్పాను. ఆవిడ అలా లోపలికి వెళ్లగానే ఈయన కన్ను కొట్టి, “చెల్లెమ్మా, ఈ వారం కూరేం వండేవేంటి?” అనేవాడు.

“నోరు ముయ్యండి, ఇంటోళ్లు వింటారు” అనేదాన్ని, వాళ్లకి తెలుగు రాదన్న సంగతి మరిచిపోయి. నాకు నిజంగానే ఒళ్లు మండేది. ఆయనకి అదే సరదా.

పరంజా మీంచి పడి చనిపోయాడని కూలీల క్యాంపు నుంచి కబురొచ్చిన రోజు నేను బట్టలు ఇస్త్రీ చేస్తున్నాను. ఇస్త్రీ పూర్తి చేసి, వంట చేసి, పిల్లలకి వడ్డించి, స్నానాల గదిలో కుళాయి తిప్పి ఏడ్చాను. మేడంకి చెబితే కాగితాలు అడుగుతారు, అబద్ధం బయటపడుతుంది, నన్ను పంపించేస్తారు. మా ఊళ్లో కూతురుంది, దాని తిండి నా జీతమే. తర్వాతి శుక్రవారం మేడం “మీ అన్నయ్య రాలేదేం?” అంటే, ఓవర్‌టైం అన్నాను. ఆ మాట ఎలా అనగలిగానో ఇప్పటికీ తెలియదు.

శ్మశానానికి వెళ్లే ముందురోజు ఆయన గదిలో ఉండే తెలంగాణ అబ్బాయి గేటు దగ్గరికి వచ్చాడు. “అక్కా, బావ శవం ఆస్పత్రిలనే ఉన్నది, కఫీల్ ఆదివారం దాకనే ఆగుతడంట. సొంతోళ్లు వచ్చి సంతకం పెట్టకుంటె ఈడనే బొంద పెడ్తరంట” అన్నాడు.

నిప్పుకి ఇవ్వాల్సిన మనిషిని మట్టిలో పెట్టడమేమిటి? కూతురికి తండ్రి ముఖమైనా చూపించొద్దా? కఫీల్ అనే ఆ యజమానిని నేనెప్పుడూ చూడలేదు గానీ, నాకొచ్చిన తిట్లన్నీ తిట్టాను. పెట్టె అడుగు నుంచి తాళి తీసి, రుమాల్లో మూటగట్టి జాకెట్లో పెట్టుకున్నాను. సార్‌ని అడగాలి. రాత్రంతా ఆ మాట కూడబలుక్కున్నాను, నోరు రాలేదు.

మర్నాడు శుక్రవారం. ఆయన వచ్చే రోజు.

శ్మశానంలో తెల్లరాళ్లు వరుసగా ఉన్నాయి. సార్ చేతిలో ఒక కాగితం ఉంది. ఏ వరుస, ఎన్నో రాయి, అన్నీ అందులో ఉన్నాయి. ఆ రాయి దొరకగానే మోకాళ్ల మీద కూర్చుని, జేబురుమాలుతో దుమ్ము తుడిచి, అంత మనిషీ ఏడ్చారు. తను పుట్టకముందే పోయిన మనిషి కోసం! రాతి మీద అడుగున ఉన్న వాక్యం చూపించి మేడం నాతో, “ఇది వాళ్లావిడ రాయించింది” అంది.

ఆవిడెవరో సముద్రం అవతల కూర్చుని, ఈ మనిషి నావాడని రాతి మీద చెక్కించుకుంది. నేను ఇదే ఊళ్లో ఉండి నోరు విప్పలేదు.

“పిల్లలకి రొట్టెలు తియ్యి” అంది మేడం. తియ్యలేదు. బుట్ట పక్కనే కూలబడ్డాను.

“నా మొగుడు పోయాడు” అని తెలుగులో అరిచాను. తర్వాత నాకొచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కల్లో చెప్పాను.

“నీకు పెళ్లి కాలేదుగా?” అంది మేడం.

రుమాలు విప్పి, తాళి తీసి మెడలో వేసుకున్నాను. మొగుడు పోతే తాళి తీస్తారు మా వైపు. నేను వేసుకున్నాను. వెనక ముడి నాకు పడలేదు. పెద్దపిల్ల వచ్చి వేసింది.

“శుక్రవారం వచ్చే మనిషా?” అని మేడం అడిగింది. అవునన్నాను. “రెండేళ్లు అబద్ధం చెప్పావన్నమాట” అని ముఖం తిప్పుకుంది. కారెక్కేటప్పుడు సార్, “రేపు నీతో అతని కంపెనీకి నేను వస్తాను” అన్నారు.

మర్నాడు కంపెనీ ఆఫీసులో గుమాస్తా నా పాస్‌పోర్టు తిరగేసి నాకు హిందీలో, సార్‌కి ఇంగ్లీషులో చెప్పాడు. పెళ్లి కాలేదని ఇందులోనే ఉంది. భార్యనంటే ఊరి నుంచి కాగితాలు రావాలి, నెల పడుతుంది. చెల్లెలినంటే, ఇన్నాళ్లుగా తెలుసని మీ సార్ ఒక ఉత్తరం రాసిస్తే చాలు, ఈ వారం విమానంలోనే శవాన్ని ఊరికి పంపేస్తాం.

సార్ నావైపు చూశారు. “నువ్వే చెప్పు” అన్నారు.

నేను పక్కకి తిరిగి తాళిని జాకెట్లోకి తోసుకున్నాను. సార్ ఉత్తరం రాశారు, ఈమె అన్న ప్రతి శుక్రవారం మా ఇంటికి వచ్చేవాడని. గుమాస్తా వేలు పెట్టి చూపించిన చోట తెలుగులో సంతకం పెట్టాను.

ఆస్పత్రిలో ఐదు నిమిషాలు చూడనిచ్చారు. గుడ్డ తీశారు. గడ్డం మాసి ఉంది, కనుబొమ మీద సిమెంటు మరక అలాగే ఉంది. ఆ మరక తుడిచాను. గుమాస్తా ఉత్తరం పట్టుకుని నా పక్కనే నిలబడ్డాడు. “ఏమండీ” అని గొంతు దాకా వచ్చింది.

“అన్నయ్యా” అని ఏడ్చాను.