తమ్ముడి బండికి నేను చెప్పిన టైరు

మొన్న నరసరావుపేటలో స్కూటరు వెనక టైరు మార్పించడానికి వెళితే, కొట్టతను రెండు రకాలు ముందు పెట్టి "ఏది వేయమంటారు బాబాయ్?" అన్నాడు. నీకు మంచిదనిపించింది వెయ్యమని చెప్పి బయట బెంచీ మీద కూర్చున్నాను. ఇరవయ్యేళ్లు దాచేపల్లి నుంచి సిమెంటు లారీ తోలినవాణ్ణి. టైరును గోటితో గీకి దాని ఆయుష్షు చెప్పగలనని ఒకప్పుడు గర్వం ఉండేది. మా ఆవిడ ఏనాడూ నమ్మలేదు. నమ్మినవాడు మా తమ్ముడొక్కడే.

వాడు మాచర్లలో మెకానిక్కు. మట్టి ట్రాకుల మీద బైకు పందేలకు పోయేవాడు. మూడేళ్ల కిందట పందెం మా వైపే, పాత క్వారీ పక్క కంకర నేల మీద పెట్టారు. మొదటి ముగ్గురిని బెంగళూరు టీములోకి తీసుకుంటామన్నారు. వాడికి అప్పటికే ముప్పై దాటాయి, మళ్లీ ఎవరూ పిలవరని ఇద్దరికీ తెలుసు. ఆ పొద్దున ఒక జల్లు పడింది. వాడి దగ్గర రెండు వెనక టైర్లున్నాయి. ఒకటి ఎత్తు గుబ్బలది, బురదను కొరికి పట్టుకుంటుంది. రెండోది పొట్టి గుబ్బలది, గట్టి నేలకు.

"అన్నా, ఏది బిగించమంటావు?"

నేను మబ్బు చూశాను. "ఇంకా పడుద్దిరా. బురద టైరే ఎయ్."

"కంకర నేల గదన్నా, నీళ్లు నిలవ్వేమో."

"ఒరేయ్, క్రోసూరు రేగడిలో లారీ దించినోణ్ణి. నాకు చెప్తన్నావా?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. వాడూ నవ్వి, అదే బిగించాడు.

తొమ్మిదికల్లా ఎండ కాసింది. పందెం మొదలయ్యేసరికి దుమ్ము లేస్తోంది. రెండు చుట్లు వాడే ముందున్నాడు. తర్వాత ప్రతి మలుపులోనూ ఎత్తు గుబ్బలు గట్టి నేల మీద వంగిపోయి, వెనక చక్రం పక్కకు జారడం మొదలైంది. జారినప్పుడల్లా వేగం తగ్గించుకునేవాడు, తగ్గించినప్పుడల్లా ఒకడు దాటిపోయేవాడు. నాలుగోవాడిగా వచ్చాడు. నేను వెళ్లి టైరు తడిమాను. గుబ్బలు మొదళ్లకు చిరిగి ఉన్నాయి. ఎవరో మజ్జిగ ప్యాకెట్టు ఇస్తే మొత్తం తాగాను. ఉప్పు తక్కువైందని గుర్తుంది, ఇంకేమీ అనిపించినట్టు గుర్తులేదు.

సాయంత్రం బండి ఆటోలోకి ఎక్కిస్తూ అడిగాను. "ఎండిపోతందని చూళ్లేదేందిరా?"

"చూశానన్నా. మార్చే టైము గూడా ఉంది."

"మరి?"

"నువ్వు అందరి ముందూ చెప్పితివి గదా."

కోపంగా అనలేదు. తాడు బిగించి ముడేస్తూ మామూలుగానే అన్నాడు. నాకు ఏడుపొస్తే బాగుండేది, రాలేదు.

ఆ ఏడాదే బండి అమ్మేశాడు. ఇప్పుడు క్వారీలో డంపరు నడుపుతున్నాడు. ఆదివారాలు మా ఇంటికి వస్తాడు, కోడికూర తింటాడు, పిల్లల చదువులూ మిరప ధరలూ మాట్లాడుకుంటాం. కాలం అన్నీ మాన్పుతుందంటారు. మా ఇద్దరి మధ్య అది చేసిందల్లా, ఒక్క మాటను తప్పించి మిగతావన్నీ మాట్లాడుకోవడం నేర్పడమే.