రెండవ వర్గంలో ఇద్దరం

మా డ్రిల్లు మాస్టారు గత మంగళవారం ఉదయం రాజోలులోని స్వగృహంలో కాలం చేశారని పాఠకులకు తెలియజేయడానికి విచారిస్తున్నాను. కబురు నాకు ఫోనులో అందింది. చెప్పినది ఒకప్పటి మా వాలీబాల్ జట్టు కెప్టెన్.

"మాస్టారు పోయేరే. మంచం దిగబోతూ తూలి పడ్డారంట. ఆయన పడ్డమేంటే?" అని ఫోను పెట్టేసింది. నేనుండే ఊళ్లో ఈ సంగతి చెప్పుకోవడానికి మరెవరూ లేనందున పాఠకులకు విన్నవించుకుంటున్నాను.

తొంభైల నడుమ మా బాలికల ఉన్నత పాఠశాలలో వ్యాయామ విభాగమంటే మాస్టారు, ఒక వల, రెండు బంతులు. బంతుల్లో ఒకటి గాలి నిలుపుకునేది. మెడలో ఈల ఉన్నా ఆయన ఊదేవారు కారు. "పక్క క్లాసువాళ్లకి ఇబ్బందమ్మా" అని చప్పట్లు కొట్టేవారు. మేము ఎగిరి బంతిని ఎంత బలంగా కొట్టినా, అది ఎక్కడ పడిందో చూడక మా పాదాల వంక చూసేవారు. "ఎగిరినప్పుడు ఊరంతా చూస్తుందమ్మా. దిగేటప్పుడు చూసుకోవాల్సింది మనమే" అనేవారు.

ఒక వేసవిలో ఆయన శిక్షణ శిబిరానికి వెళ్లి, రకరకాల గెంతులు సాధన చేస్తే ఆడపిల్లల నిలకడ పెరుగుతుందని విని వచ్చారు. విన్నదాన్ని పరీక్షించకుండా నమ్మడం ఆయన పద్ధతి కాదు. మేము పన్నెండుమందిమి. ఆరుగురు మొదటి వర్గం, ఆరుగురు రెండవ వర్గం అని ప్రకటించారు. మొదటి వర్గం బెంచీ మీంచి ఒంటికాలిపై దిగాలి, పీచుతాడు మీదుగా పక్కకు గెంతాలి, వరసగా పేర్చిన, కాయ ఒలిచిన కొబ్బరి డొక్కలు దాటుతూ గాలిలో సగం తిరగాలి. రెండవ వర్గం ఎప్పటిలాగే వల దగ్గర నిటారుగా ఎగిరి దిగాలి, మరొకటి చేయరాదు. ఎనిమిది వారాల తరువాత పరీక్ష. ఆ పరీక్షలో నిలబడినవారినే అమలాపురం పోటీలకు పంపాలని హెడ్‌మిస్ట్రెస్ గారు ఆదేశించారు. ఈ రెండు ఉత్తర్వులనూ పక్కపక్కన పెట్టి చదివినవారు లేరు.

నేను రెండవ వర్గం. కెప్టెన్ కూడా అదే వర్గం.

"ఒసేయ్, సాయంత్రం మా కళ్లంలోకి వచ్చెయ్. అయిదుగురం గెంతుతున్నాం" అంది వారం తిరక్కుండానే.

"మాస్టారు వద్దన్నారు కదే."

"ఆయనకెవరు చెప్తారే? నువ్వు చెప్తావా?"

చెప్పనన్నాను. వెళ్లనూ లేదు. ఆ రెండింటికీ నడుమ ఎనిమిది వారాల పాటు రోజూ సాయంత్రం వల దగ్గర ఒక్కదాన్నే నిటారుగా ఎగిరి దిగాను. అమలాపురం వెళ్లాలని నాకున్నంత కోరిక ఆ పాఠశాలలో ఇంకెవరికీ లేదని అప్పట్లో నా అభిప్రాయం.

శనివారాలు మాస్టారు మమ్మల్ని నిలబెట్టి, "ఎవరూ గెంతట్లేదు కదమ్మా?" అని అడిగేవారు.

"ఆయ్, లేదండీ" అని ఆరుగురం ఒకే గొంతుతో చెప్పేవాళ్లం. పెద్దలను నొప్పించే జవాబు మా ప్రాంతంలో వాడుకలో లేదు.

పరీక్ష రోజున కళ్లు మూసుకుని ఒంటికాలిపై నిలబడమన్నారు. పదకొండుమంది నిలబడ్డారు. నేను పడ్డాను. ఇవ్వని శిక్షణ కూడా ఇచ్చినంత ఫలితమిస్తుందని ఆ విధంగా మా పాఠశాలలో రుజువైంది.

మాస్టారు కాగితం వంక చాలాసేపు చూశారు. తరువాత రెండవ వర్గంలోని అయిదుగురి మోకాళ్లు చూశారు. గడ్డి గీసుకున్న చారలు ఉన్నాయి. నా మోకాళ్లు చూశారు. శుభ్రంగా ఉన్నాయి. కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకుని హెడ్‌మిస్ట్రెస్ గారి గదికి నడిచారు. వరండాలో నాకు అంతా వినిపించింది.

"చెప్పిన మాట విన్న పిల్లండీ."

"వింది మాస్టారూ. కానీ పడింది కదండీ."

పోటీల రోజున జట్టు హిందీ టీచరు గారితో బస్సెక్కింది. నేను గ్రౌండుకు వెళ్లాను. వేరే ఎక్కడికి వెళ్లాలో తోచలేదు. జట్టుతో ఉండవలసిన మాస్టారు అక్కడ బెంచీ సర్దుతున్నారు.

"మీరెళ్లలేదేమండీ?"

"వాళ్లకి నేనక్కర్లేదమ్మా, నేర్చేసుకున్నారు. నా మాట విన్నదానివి నువ్వొక్కదానివే. అలా విన్నందుకు నిన్ను ఇక్కడ వదిలేస్తే, రేపు నేను ఎవరికైనా ఏం చెప్తాను?" అని, బెంచీని మళ్లీ కొంచెం జరిపి, "తప్పు నాదమ్మా. ఇవాళ నేనూ నీతో రెండో వర్గమే" అన్నారు.

మరుసటి ఏడు నేను అమలాపురం వెళ్లాను. గెలుపోటముల వివరాలు పాఠకులకు అనవసరం. ఆ తరువాత హాస్టళ్లలో, అద్దెగదుల్లో, ఆదివారాలు మాట్లాడే మనిషి లేక గడిపిన ఏళ్లు చాలా ఉన్నాయి. ఆ ఏళ్లలో నేను తరచుగా తలచుకున్నది ఆ ఒక్క ఉదయాన్నే.

ఆ ఉదయం మాస్టారు చెప్పులు విడిచి, ప్యాంటు చీలమండల పైకి మడిచి బెంచీ ఎక్కారు. అప్పటికి ఆయనకు యాభై దాటాయి. నాకు వద్దన్న గెంతు తానే గెంతారు, గాలిలో సగం తిరిగారు, ఒంటికాలి మీద దిగారు. దిగిన చప్పుడు కూడా కాలేదు. కళ్లు మూసుకున్నారు.

"చాలనిపించినప్పుడు చెప్పమ్మా" అన్నారు.

గ్రౌండులో మరెవరూ లేరు. వల జట్టుతో వెళ్లిపోయింది. రెండు గుంజలే మిగిలాయి. కాలువ వైపు నుంచి గాలి వచ్చి ఆయన చొక్కాను కదిలించింది. చేతులు కొంచెం ఎడంగా చాచి, కాలివేళ్లతో మట్టిని పట్టుకుంటూ, వదులుతూ, మాస్టారు నిలబడి ఉన్నారు. చాలని చెప్పవలసినది నేను. నేను చెప్పలేదు.